చెవిన వేసుకున్న నీరు

వెంట్‌వర్త్‌లో ఎర అమ్మే నోరీన్ టిరెల్
ఐస్‌క్రీమ్ డబ్బాలో గడ్డకట్టిన తల ఒకటి ఇచ్చింది.
మూత మీద తేదీ, దాని కింద
పెన్సిలుతో ‘మా వంపులోది’ అని.
అయిదు కిలోల యెల్లోబెల్లీ, పసుపు పొట్టది.
“రాసుకో, ఇది ఇక్కడిదే.
ఇరవై ఏళ్ళుగా ఆ పడిపోయిన యూకలిప్టస్ కిందే ఉంది.
డెన్నీ గాలాన్ని రెండుసార్లు తెంపింది.”
సరేనన్నాను.
తలలు ఇచ్చేవాళ్ళతో వాదన పెట్టుకోకూడదు.

మిల్డురాలో మా ల్యాబ్ అంటే
పాత గిడ్డంగి వెనక రెండు గదులు,
గోడల్లోంచి ఎండుద్రాక్ష వాసన ఇంకా పోలేదు.
తల చీల్చి, మెదడు కింద పట్టకారుతో తడిమితే
తగులుతాయి రెండు రాళ్ళు,
పుచ్చగింజలంత, పుచ్చగింజల్లానే జారిపోతూ.
బయటికి చెవులే లేని జీవికి
వినికిడి ఇవే, తూకమూ ఇవే.
ఎముక అంటాం గానీ ఎముక కాదు.
గడ్డురోజుల్లో ఒళ్ళు తన ఎముకని తానే కరిగించుకుంటుంది,
పొలుసు రాలితే కొత్తది మొలుస్తుంది,
ఈ రాయి మాత్రం ఒకసారి రాసింది చెరపదు.
రోజుకో పొర సున్నం.
ఆ సున్నంలో ఆ రోజు నీళ్ళు.
కాల్షియం కూర్చోవాల్సిన పీటల మీద
అక్కడో ఇక్కడో స్ట్రాన్షియం వచ్చి కూర్చుంటుంది,
ఏ కొండ అరిగిన నీళ్ళయితే
ఆ కొండ గోత్రం చెప్పుకుంటూ.

ఎడమ రాయిని నేనే పాడుచేశాను.
గరుకు కాగితం మీద తడిపి రుద్దుతూ రుద్దుతూ
ఇంకో నాలుగు రుద్దులు అనుకున్నాను.
నడిబొడ్డు పోయింది. పుట్టుక పోయింది.
కాగితం మీద తెల్లని బురదై మిగిలింది
దాని మొదటి వేసవి.
కుళాయి కింద కడిగేశాను, ఏం చేస్తాను.

కుడి రాయికి ఊపిరి బిగబట్టాను.
మెల్‌బోర్న్‌లో లేజర్
వెంట్రుక మందాన, నడిబొడ్డు నుంచి అంచుదాకా
చాలు దున్నుకుంటూ పోయింది.
పది రోజులకు అంకెలొచ్చాయి. గీత గీశాను.

మొదట అడుగున పాకింది గీత:
డార్లింగ్ నీళ్ళు, పాలెక్కువైన టీ రంగువి.
రెండో ఏట నిలువునా లేచింది,
వరదతో పాటు మర్రేలోకి దిగిందన్నమాట.
ఆ తర్వాత బల్లపరుపు. పదేళ్ళు.
పన్నెండో వలయం దగ్గర
ఉన్నట్టుండి మళ్ళీ కిందికి వాలింది.
ఒక్క వసంతం, నాలుగు నెలలు,
ఎదురీది డార్లింగ్‌కి వెళ్ళింది, వచ్చింది.
ఎందుకో రాయి చెప్పదు.
బెంగ అని రాయబోయి ఆగాను,
రిపోర్టులో ఆ మాటకు గడి లేదు.

నీళ్ళు చెప్పిందల్లా చెవిన వేసుకుంది,
ఒక్క రోజూ పెడచెవిన పెట్టలేదు.
అది చస్తే గానీ మనం వినలేము, అదీ సంగతి.

ఆదివారం కాగితం పట్టుకుని వెళ్ళాను.
రెండు నదులు కలిసి కూడా
కాసేపు రెండు రంగులుగానే నడిచే చోట
నోరీన్ వానపాములు లెక్కపెడుతోంది.
చేతులు తుడుచుకుని గీత మీద వేలు పెట్టింది.
“ఈ గుంట ఏ ఏడు?”
చెప్పాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
“ఆ వసంతం డెన్నీ రోజూ ఖాళీ చేతుల్తో వచ్చేవాడు.
ముడి వెయ్యడం మర్చిపోయావు, ముసలాడివయ్యావు అని
నలుగురిలో వెక్కిరించాను.
అది ఇంట్లోనే లేదన్నమాట.”

మూత మీద రాత దిద్దమంటారా అని అడిగాను.
“ఎందుకు? వంపులోదే.
ఊరెళ్ళొచ్చింది, అంతే.”
ఒక వానపాము డబ్బా అంచు దాటింది,
చూడకుండానే లోపలికి తోసింది.

“రెండు రాళ్ళుంటాయన్నావుగా.
రెండోది నాకిస్తావా?”

నేను నది వైపు చూశాను.